పండ్లరసము పీల్చు రెక్కల పురుగులు: లోరెక్కనుబట్టి పోల్చుకొను విధము

చీనీ, నిమ్మ, దానిమ్మ, జామ తోటలను పెంచు రైతులకు వానకాలము వచ్చినతోడనే ఒక చిక్కు కలుగుచుండును. సాయంకాలము చెట్టున నిక్షేపముగా నున్న పండు కొలదిదినములలోనే గోధుమవన్నె మచ్చపడి, మెత్తబడి, నేల రాలును. ఆకులు పచ్చగానే యుండును. కొమ్మలు ఆరోగ్యముగానే యుండును. చెట్టంతయు వెదకినను పండ్లకు హానిచేయు గొంగళిపురుగు ఒక్కటియు కానరాదు. అంతట కొందఱు తెగులని తలచి ఆకులపై మందు చల్లుదురు. కొందఱు నేలలో సారము తగ్గినదని యెరువు వేయుదురు. మఱికొందఱు పండుఈగ పని యని నిశ్చయించుకొందురు. ఇట్లు సొమ్ము వ్యయమగునే గాని పండ్లు రాలుట మానదు. ఏలయన ఈ నష్టమును గలిగించునది పగటివేళ తోటలో కంటికి చిక్కునది కాదు. దాని పిల్లపురుగు తోటచెట్లమీద పెరుగునదియు కాదు.

ఈ నష్టమునకు కారణము రాత్రివేళ సంచరించు పెద్ద రెక్కల పురుగులు. వీనిలో ఒకదానిని మఱియొకటి పోలియుండు జాతులు పెక్కు గలవు. పండుమీద వ్రాలిన ప్రతి పురుగును పండును పొడుచునది కాదు. కొన్ని తామే తొక్కను చీల్చి రసము పీల్చును. కొన్ని యితరులు చేసిన రంధ్రమును వెదకికొనివచ్చి మిగిలిన రసమును త్రాగును. ఏది దొంగయో, ఏది దొంగవెంట వచ్చినదో తెలిసికొనక చేయు ప్రయత్నము చీకటిలో విసరిన రాయివంటిది. కావున ఈ పురుగులను పోల్చుకొను విధమును, అట్లు పోల్చుకొనుటవలన కలుగు ప్రయోజనమును ఈ వ్యాసమునందు వివరించుచున్నాము.

పైరెక్క మోసగించును, లోరెక్క నిజము చెప్పును

రెక్కల పురుగునకు రెండు జతల రెక్కలుండును. పురుగు కూర్చుండినపుడు ముందుజత పైకప్పువలె వెనుకజతను కప్పివేయును. మనము చెప్పుకొనుచున్న జాతులకు పైరెక్క ఎండుటాకు రంగుననో, చెట్టుబెరడు రంగుననో యుండును. అందువలన పగటివేళ పొదలలో అది కూర్చుండియున్నను రాలిన ఆకేయని తోచును. లోరెక్కయో, మంచి పసుపు లేక నారింజ వన్నెతో, నల్లని మచ్చలతో మెఱయుచుండును. పురుగును ముట్టగనే ఆ వన్నె ఒక్కసారిగా బయటపడును. పట్టవచ్చిన పక్షి ఆ మెఱపునకు తొట్రుపడునంతలో పురుగు ఎగిరిపోయి, మరల రెక్కలు ముడిచి ఎండుటాకులలో కలిసిపోవును.

ఇట్టి లోరెక్కల సొగసు గల పురుగులు ప్రపంచమున పలుచోట్ల గలవు. యూరోపు, ఉత్తర అమెరికా ఖండములందును, మనదేశమున హిమాలయ ప్రాంతమునందును ‘కెటోకాలా’ యను వర్గమునకు జేరిన పురుగులు ఈ విషయమున మిక్కిలి ప్రసిద్ధములు. వానిలో ఎఱుపు, పసుపు, నీలము, నలుపు లోరెక్కలు గల జాతులు రెండువందలకు పైబడి యున్నవి. పైరెక్కలను మాత్రమే చూచి ఆ జాతులను వేరుచేయుట పండితులకు గూడ కష్టమే. మన ప్రాంతపు పండ్లతోటలకు శత్రువులైన పురుగులును ఆ కుటుంబమునకే చెందినవి. వీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన వర్గనామము ‘యూడోసిమా’. పాత పుస్తకములందు వీనినే ‘ఒఫిడెరిస్’ అనియు, ‘ఓత్రీస్’ అనియు వ్రాసియున్నారు. పేర్లు మారినవే గాని పురుగులు మారలేదు. పాత పుస్తకములను చదువు సభ్యులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలయును.

ఈ పురుగులను పోల్చునపుడు పైరెక్కను నమ్మరాదనుటకు ఇంకొక కారణము గలదు. ఒకే జాతియందు మగదాని పైరెక్క ఒక తీరుగను, ఆడుదాని పైరెక్క మఱియొక తీరుగను ఉండును. ఆ రెంటిని చూచినవారు రెండు జాతులని భ్రమపడుదురు. లోరెక్కలోని మచ్చలయందు ఇంతటి భేదముండదు. కావున పట్టిన పురుగును చంపిన పిమ్మట, పైరెక్కలను మెల్లగా ముందునకు జరిపి లోరెక్కలను చూడవలయును. చూచుటకు ముందు రెక్కలను వ్రేళ్లతో రుద్దరాదు; వానిపైనున్న పొడి రాలినచో గుర్తులును పోవును.

ముఖ్యమైన జాతుల గుర్తులు

మొదటిది యూడోసిమా మెటర్నా. దక్షిణ హిందూదేశమున చీనీ, నిమ్మ తోటలలో సాధారణముగా కానవచ్చునది ఇదియే. రెక్కలు చాచినపుడు ఒక కొననుండి రెండవ కొనవఱకు మూడు మొదలు నాలుగు అంగుళముల వఱకు ఉండును. లోరెక్క నారింజవన్నె. దాని నడుమ గుండ్రని నల్లచుక్క యొకటి, బొట్టు పెట్టినట్లు, విడిగా నుండును. రెక్క అంచున నల్లని పట్టీయు, ఆ పట్టీ వెంబడి చిన్న తెల్లని చుక్కలును గలవు. ‘నడుమ గుండ్రని బొట్టు’ అని జ్ఞాపకముంచుకొన్న చాలును. ఈ జాతిని తప్పక గుర్తింపవచ్చును.

రెండవది యూడోసిమా ఫలోనియా. దీనినే పాత పుస్తకములందు ‘ఫుల్లోనియా’ యనియు ‘ఫుల్లోనికా’ యనియు వ్రాసిరి. పరిమాణమున మొదటిదానికి తీసిపోదు. లోరెక్క ఇదియు నారింజవన్నెయే. అంచున నల్లపట్టీయు గలదు. కాని నడుమనున్న మచ్చ గుండ్రనిది కాదు. అది కొడవలివలె వంగిన పెద్ద నల్లమచ్చ. బొట్టు ఉన్నచో మెటర్నా, కొడవలి ఉన్నచో ఫలోనియా. ఈ రెంటికిని ఇంతకంటె సులభమగు భేదము లేదు. ఫలోనియా ఆఫ్రికా మొదలు ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ ద్వీపముల వఱకు వ్యాపించిన జాతి.

మూడవది యూడోసిమా హోమీనా. ఇది ఫలోనియాను మిక్కిలి పోలియుండును. ఈ రెంటిని వేరుచేయుట కంటికి అలవాటుపడినవారికి గాని సాధ్యము కాదు. రైతునకు ఈ భేదము తెలియకున్నను నష్టము లేదు. రెండును పండును పొడుచునవే. రెంటి పిల్లపురుగులును ఒకే కుటుంబపు తీగలను తినునవే. రెంటికిని చేయవలసిన ప్రతిక్రియ ఒక్కటియే. శాస్త్రజ్ఞుల కొఱకు భేదము తెలియవలసివచ్చినచో పురుగును ఎండబెట్టి నిపుణులకు పంపుట మేలు.

మనదేశమున యూడోసిమా సలామినియా యను నాలుగవ జాతియు గలదు. దీని పైరెక్క మాత్రము మోసగించునది కాదు. ఆకుపచ్చని పైరెక్కకు ముందంచున మీగడవన్నె వెడల్పు పట్టీ యుండుటచే దూరమునుండియే దీనిని గుర్తింపవచ్చును.

వీనిని పోలియుండు ఇతర జాతులు

పండ్లయొద్దకు వచ్చు పురుగులలో పైజాతులతో పొరపాటుపడదగినవి ముఖ్యముగా రెండు గలవు.

ఒకటి ‘ఓఫియూసా కరోనాటా’. దీని లోరెక్కయు పసుపే. కాని నడుమ బొట్టు గాని కొడవలి గాని యుండదు. రెక్కకడ్డముగా రెండు నల్లని పట్టీలుండును. దీని పిల్లపురుగు ఇండ్లముందు పందిళ్లకెక్కించు రాధామనోహరము ఆకులను తినును.

రెండవది మన రైతులకు వేఱొక రూపమున చిరపరిచితమైనది. ఆముదపు చేలలో ఆకులను జల్లెడవలె తినివేయు దాసరిపురుగు పెరిగి రెక్కల పురుగై పండ్లతోటలకు వచ్చుచుండును. శాస్త్రమందు దీనిని ‘ఎకియా జనాటా’ యందురు. ఇది యూడోసిమా జాతులకంటె చిన్నది. రెక్కలు చాచినపుడు రెండున్నర అంగుళములు మాత్రముండును. దీని లోరెక్కలో పసుపు ఏమాత్రము లేదు. నల్లని రెక్కకు నడుమ తెల్లని పట్టీయు, అంచున తెల్లని పెద్ద మచ్చలును ఉండును. ఆముదము విస్తారముగా వేసిన గ్రామములలో ఇది పండ్లమీద ఎక్కువగా కనబడును. దీనిని చూచి రైతు, ‘పండ్లు రాలుటకు కారణము ఆముదపు చేనే’ యని పొరుగువానితో తగవులాడిన ప్రయోజనము లేదు. ఇది సాధారణముగా మెత్తబడిన పండును, రంధ్రముపడిన పండును ఆశ్రయించునది. గట్టి తొక్కగల చీనీపండును పొడుచుటలో ముందుండునవి పసుపు లోరెక్కలు గల పెద్ద జాతులే.

సంగ్రహముగా చెప్పుకొందము. పసుపు రెక్కలో గుండ్రని బొట్టు: మెటర్నా. పసుపు రెక్కలో కొడవలి: ఫలోనియా లేక హోమీనా. పసుపు రెక్కలో రెండు అడ్డపట్టీలు: ఓఫియూసా. నల్లరెక్కలో తెల్లపట్టీ: ఆముదపు దాసరిపురుగు తల్లి. ఈ నాలుగు వాక్యములను ఇంటిలోని పిల్లలకు నేర్పినను వారు పురుగులను తప్పులేక ఏరి పెట్టగలరు.

తొండము చేయు పని

సీతాకోకచిలుకల తొండము మెత్తనిది. పూవులోని తేనెవంటి ద్రవములను పీల్చుటకు తప్ప పనికిరాదు. రెక్కల పురుగు పండుతొక్కను చీల్చుననగా పూర్వము పలువురు నమ్మలేదు. ఆస్ట్రేలియా దేశమున క్వీన్సులాండు నందలి రాక్‌హాంప్టన్ పట్టణమున తోజే అను వృక్షశాస్త్రజ్ఞుడు, నారింజపండ్లను ఈ పురుగులు పొడుచుచున్నవని 1869 వ సంవత్సరమున ప్రకటించెను. 1875 లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు కుంకెల్ దెర్కూలేయును, సుప్రసిద్ధుడగు చార్లెస్ డార్విను కుమారుడు ఫ్రాన్సిస్ డార్వినును వీని తొండమును సూక్ష్మదర్శినితో పరీక్షించి వర్ణించిరి. తొండపు కొన గట్టిపడి సూదివలె నుండుననియు, దానిపై రంపపు పండ్లవంటి ముండ్లుండుననియు తేలినది. పురుగు ఆ కొనను పండునకు ఆనించి, ముందువెనుకలకు ఆడించుచు, తొక్కను కోసికొని లోనికి దిగి రసమును పీల్చును.

పట్టిన పురుగు తొండమును గుండుసూదితో చాచి, కొనను భూతద్దముతో చూచినచో ఈ ముండ్లు కొంతవఱకు తెలియును. లోరెక్కను చూచిన తరువాత తొండమును గూడ చూచిన యెడల సందేహము నిలువదు.

పండుమీది గుర్తులు

పురుగు దొరకకున్నను పండే సాక్ష్యము చెప్పును. పురుగు పొడిచినచోట సూదిమొనంత గుండ్రని రంధ్రముండును. పండును మెల్లగా నొక్కినచో ఆ రంధ్రమునుండి రసము చిమ్మును. రెండుమూడు దినములలో రంధ్రముచుట్టు తొక్క రంగుమారి గోధుమవన్నె వలయమేర్పడును. ఆ దారిని బూజులును, కుళ్లు పుట్టించు సూక్ష్మక్రిములును లోపల ప్రవేశించును. అటుపిమ్మట పండు మెత్తబడి రాలును. పురుగు త్రాగిన రసము స్వల్పమే. నష్టమంతయు ఆ రంధ్రమువలన కలుగు కుళ్లుననే.

పండుఈగ గ్రుడ్లుపెట్టిన పండుమీదను చిన్నరంధ్రమే యుండును. కాని ఆ పండును కోసిచూచినచో లోపల తెల్లని చిన్న పురుగులు కదలాడుచుండును. రెక్కల పురుగు పొడిచిన పండులో పురుగు లుండవు. రంధ్రమునకు దిగువ తొనలు ఎండి బెండువలె నుండును, లేదా కుళ్లియుండును. రాలిన పండ్లలో పదింటిని కోసిచూచిన రైతు తన తోటలో ఏ శత్రువు పాలు ఎంతయో తానే నిర్ణయించుకొనగలడు. ఈ పరీక్షకు కత్తి తప్ప మఱియే పరికరమును అక్కఱలేదు.

పిల్లపురుగు ఎక్కడ పెరుగును

ఈ విషయమే ఈ పురుగుల కథలో ముఖ్యమైనది. మనకు తెలిసిన పురుగులలో పెక్కింట గొంగళిపురుగు పంటను తినును. రెక్కల పురుగు గ్రుడ్లుపెట్టి పోవును. పొగాకు లద్దెపురుగు, వేరుసెనగ ఎఱ్ఱగొంగళి, ఆముదపు దాసరిపురుగు, అన్నియు అట్టివే. యూడోసిమా జాతుల నడవడి దీనికి తలక్రిందులు. గొంగళిపురుగు పండ్లచెట్టును ముట్టదు. రెక్కలు వచ్చిన తల్లిపురుగే పంటకు శత్రువు. కావున చీనీచెట్టు ఆకులపై ఎంత మందు చల్లినను ఈ పురుగుయొక్క సంతతికి తగులదు.

గొంగళిపురుగు పెరుగునది తిప్పతీగ, దూసరితీగ మొదలగు తీగలమీద. తిప్పతీగను ఎఱుగని రైతు లేడు. హృదయాకారపు నున్నని ఆకులు, చెట్లపైనుండి దారములవలె వ్రేలాడు వేళ్లు, ఎఱ్ఱని చిన్నపండ్లు దాని గుర్తులు. దూసరితీగ కంచెలపై అల్లుకొనును. దాని ఆకులు నూగుతో మెత్తగా నుండును. ఆకులను నీటిలో పిసికి కొంతసేపుంచినచో నీరు జున్నువలె గడ్డకట్టును; ఇదియే దానిని గుర్తించుటకు నమ్మదగిన పరీక్ష. పసిఫిక్ ద్వీపములలో ఫలోనియా పిల్లపురుగులు బాడిదజాతి చెట్ల ఆకులను గూడ తినుచున్నవి. మనదేశమున ఇవి ఆశ్రయించునవి తిప్పతీగ కుటుంబపు తీగలే.

గొంగళిపురుగును గుర్తించుటయు సులభమే. పూర్తిగా పెరిగినది రెండంగుళముల పొడవుండును. మఖమలువలె నల్లని లేక గోధుమవన్నె దేహముపై ఇరుప్రక్కల పెద్ద కన్నులవంటి వలయములు రెండేసి యుండును. దాసరిపురుగువలె వీపును విల్లుగా వంచి నడచును. బెదరినప్పుడు తలను క్రిందికి ముడిచి తోకభాగమును పైకెత్తి నిలుచును. అప్పుడు ఆ కన్నులవంటి మచ్చలు పామును తలపింపజేయును. చూచి భయపడనక్కఱలేదు, అది కుట్టునది కాదు, విషము గలది కాదు. పెరిగిన తరువాత ఆకులను దారముతో కూర్చి, అందు గూడుకట్టుకొని, రెక్కల పురుగై వెలువడును. వానకాలమున తీగలు చిగిర్చి యుండుటచే ఒకదానివెంట ఒకటిగా తరములు పెరుగును.

మన ప్రాంతమున నష్టము అధికమగుటకు కారణము

శేషాచలపు కొండలును, వాని పాదముల నున్న చిట్టడవులును, చెఱువుకట్టలును, వంకల గట్లును ఈ తీగలకు పుట్టినిండ్లు. తిరుపతి, రైల్వేకోడూరు, వెంకటగిరి ప్రాంతములందు చీనీ, నిమ్మ తోటలు పెక్కు ఇట్టి కొండలకును వంకలకును చేరువననే యున్నవి. పుష్యమాఘములందు పూసిన చీనీపూత భాద్రపద ఆశ్వయుజములకు పండునకు వచ్చును. వానలకు తీగలు చిగిర్చి పురుగులు బలిసి రెక్కలు దాల్చునదియు ఆ కాలముననే. ఇట్లు పండు పక్వమగుటయు పురుగు వృద్ధియగుటయు ఏకకాలమున సంభవించుచున్నవి. మామిడిపంట వేసవితో చాలవఱకు ముగిసిపోవును గనుక దానికి ఈ బాధ తక్కువ. వానకాలపు చీనీ, నిమ్మ, దానిమ్మ, జామ పండ్లకే ప్రమాదమెక్కువ. టమాటాపండ్లను గూడ ఈ పురుగులు ఆశించును గనుక చీనీతోట నడుమ టమాటా వేయకుండుట మంచిది.

2022 వ సంవత్సరమున చిత్తూరు జిల్లానుండి కొంతభాగము వేరుపడి తిరుపతి జిల్లా యేర్పడినది. మనుష్యులకు ఎల్లలు మారినవి గాని పురుగునకు జిల్లా ఎల్ల గాని, గ్రామపు ఎల్ల గాని, కంచె గాని లేదు. బలమైన రెక్కలు గల ఈ పురుగు అడవిలో పుట్టి రాత్రికి తోటకు వచ్చి తెల్లవారునప్పటికి మరల పొదలు చేరగలదు.

చేయదగిన పనులు

మొదటిది: రాలిన పండ్లను ఏ రోజు పండ్లను ఆ రోజే ఏరి లోతుగా పూడ్చిపెట్టవలయును. కుళ్లిన పండ్ల వాసన పురుగులను దూరమునుండి పిలుచును. ఖర్చులేని పని యిది. నిర్లక్ష్యము చేయబడునదియు ఇదియే.

రెండవది: ప్రొద్దుగ్రుంకినది మొదలు రాత్రి పదునొకండు గంటల వఱకు పురుగులు విశేషముగా పండ్లపై వ్రాలును. ఆ వేళ టార్చిలైటుతో వరుసవెంట నడచిన యెడల, వెలుగు తగిలి వాని కన్నులు నిప్పుకణములవలె మెఱయును. చేతివలతో పట్టి చంపవచ్చును. ఇద్దఱు మనుష్యులు కలసి చేసిన ఈ పని సులభమగును.

మూడవది: తోటలోను, కంచెమీదను ఉన్న తిప్పతీగ, దూసరితీగలను వేళ్లతో పెఱికివేయవలయును. తిప్పతీగను నఱికి వదలినచో చాలదు. చెట్టుమీద మిగిలిన ముక్క గాలిలోనే వేళ్లను దించి మరల బ్రదుకును. తీగ ఔషధమునకు ఉపయోగించునది గనుక ఎండబెట్టి అవసరమున్నవారికి ఇయ్యవచ్చును. అడవిలోని తీగలన్నిటిని నిర్మూలింప బూనుట సాధ్యమును కాదు, న్యాయమును కాదు. తోటకు దగ్గఱనున్న తీగలను తీసివేసినచో గొంగళిపురుగులు తోట అంచుననే పెరుగుట తప్పును.

నాలుగవది: కొలది చెట్లు గలవారును, దానిమ్మ జామ పండించువారును పండ్లకు కాగితపు సంచులుగాని గుడ్డసంచులుగాని తొడుగవచ్చును. ఇది ఖచ్చితమైన రక్షణము. పెద్ద తోటలకు కూలిఖర్చు అధికమగును గనుక, లెక్క చూచుకొని చేయవలయును.

ఐదవది: పక్వమైన పండును ధర కొఱకు చెట్టుననే చిరకాలము నిలుపరాదు. ఒక వారము నిలిపి పొందు లాభమును పురుగు అంతకుముందే తినివేయవచ్చును.

ఆఱవది: బెల్లపునీరు లేక పండ్లరసము పులియబెట్టి, మందు కలిపి, మూకుళ్లలో పోసి చెట్లకు వ్రేలాడదీయు ఎరలు గలవు. ఏ మందు, ఎంత పాలు అను విషయమును ఉద్యానశాఖ అధికారిని అడిగి, డబ్బాపై వ్రాసిన విధమున మాత్రమే వాడవలయును. పిల్లలకును పశువులకును అందనిచోట ఎరను కట్టుట మఱువరాదు.

దీపపు ఎరలను గూర్చి ఒక మాట. వేరుసెనగ చేలలో తొలకరివానలు పడిన పిమ్మట ఎఱ్ఱగొంగళి తల్లిపురుగులను దీపములతోను మంటలతోను ఆకర్షించి చంపుట మన రైతులకు అలవాటు. అది మంచి పద్ధతియే. కాని పండ్లరసము పీల్చు పురుగులు అట్లు గుంపులుగా దీపమునకు రావు. పైగా ప్రకాశమైన వెలుగులో అవి పండును పొడుచుట తగ్గించును. ఈ గుణమునుబట్టియే జపానుదేశమున కొన్ని పండ్లతోటలయందు రాత్రులు పసుపు విద్యుద్దీపములు వెలిగించి పురుగులను ఆపుచున్నారు. దీపము ఒక పురుగునకు ఎర, మఱియొక పురుగునకు కావలి. జాతిని గుర్తించుటవలన కలుగు ప్రయోజనమునకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

సంఘము చేయదగినది

పైపనులలో రాలిన పండ్లను ఏరుట, సంచులు తొడుగుట ఒక్కొక్క రైతు తానుగా చేసికొనదగినవి. తీగలను పెఱుకుట మాత్రము ఒక్కనివలన నెఱవేరునది కాదు. ఒకడు తన కంచెను శుభ్రముచేసి, ప్రక్కవాడు చేయకున్నచో ఆ శ్రమ సగము వ్యర్థము. చెఱువుకట్టయు, వంకగట్టును ఎవరి సొత్తును కాదు గనుక అందఱి పనియు అగును. సహకార సంఘమునకు ఇట్టి పనియే తగినది. అప్పులిచ్చుట, ఎరువులు తెప్పించుట మాత్రమే సహకారము కాదు; ఒక్కని చేతికి మించిన పనిని పదిమంది చేతులు కలిపి చేయుటయు సహకారమే.

ఆషాఢము ముగియకమునుపే సభ్యులందఱు ఒక దినము నిర్ణయించుకొని గట్టులవెంట తీగలను పెఱుకవచ్చును. శ్రావణము మొదలు కోతముగియు వఱకు రాత్రి గస్తీకి వంతులు ఏర్పఱచుకొనవచ్చును. చేతివలలను, భూతద్దమొకదానిని సంఘము కొని యుంచవచ్చును. సంఘ కార్యాలయమున ఒక అట్టపెట్టెలో, లోరెక్కలు కనబడునట్లు చాచి గుండుసూదులతో గ్రుచ్చిన నాలుగు పురుగులను ఉంచి, క్రింద పేర్లు వ్రాసిపెట్టినచో, సభ్యులు తాము పట్టిన పురుగును దానితో సరిచూచుకొందురు. చీమలు చేరకుండ కలరాయుండలు వేయుట అవసరము. ఒక రిజిస్టరులో తేదీ, తోటపేరు, బొట్టుగలవి ఎన్ని, కొడవలిగలవి ఎన్ని, ఇతరములు ఎన్ని అని వ్రాసియుంచిన యెడల, రెండుమూడు సంవత్సరములకు ఆ గ్రామమున ఏ జాతి ఏ మాసమున వచ్చునో సంఘమునకే తెలియును. అట్టి లెక్క పరిశోధకులకును విలువగలదే. తిరుపతియందు నిమ్మజాతి పంటల పరిశోధనాస్థానమును, 1961 లో స్థాపింపబడిన వ్యవసాయ కళాశాలయు గలవు. గుర్తింప శక్యముకాని పురుగును ఎండబెట్టి, దొరికిన తేదీయు, గ్రామము పేరును వ్రాసి, అచ్చటి కీటకశాస్త్రజ్ఞులకు చూపవచ్చును.

రైతు తన పశువును మందలో దూరమునుండియే గుర్తించును. తన విత్తనమును గుప్పెటిలోని గింజనుబట్టి చెప్పగలడు. అట్టివానికి ఒక రెక్కపై నున్న బొట్టునకును కొడవలికిని భేదము తెలియుట కష్టము కాదు. రాబోవు వానకాలమున పండ్లు రాలుట మొదలైనతోడనే మందుల అంగడికి పోవుటకు ముందు, ఒక రాత్రి దీపము చేతబట్టి తోటలోనికి పోవలయును. పండుపై వ్రాలిన దానిని పట్టి, లోరెక్క విప్పి చూచి, ఆ తరువాతనే ఏమి చేయవలయునో నిశ్చయించుకొనవలయును.